మాల తీసిన మర్నాడు: తగ్గిన బరువును నిలబెట్టుకునేదెట్లా?

గీత ఆరో అధ్యాయం మీద మనం చేసిన వీడియోలో నా సొంత కథ ఒకటి చెప్పకుండా వదిలేశాను. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ రాస్తున్నా.

మాది కోరుట్ల. ఉద్యోగం హైదరాబాద్‌లో, రోజుకు పది గంటలు కుర్చీలోనే. 29 ఏళ్లకే 94 కిలోలు. ఆ ఏడు చైత్ర పౌర్ణమికి హనుమాన్ మాల వేసుకున్నా. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, ఒంటిపూట భోజనం, రాత్రి పండో పాలో. 41 రోజులయ్యాక, వైశాఖ బహుళ దశమి నాడు కొండగట్టు అంజన్న సన్నిధిలో మాల తీసేసరికి 87 కిలోలు. స్వామి దయ అని అందరికీ చెప్పుకున్నా.

అదే సాయంత్రం ఇంటికి పోతూ జగిత్యాల బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తిన్నా. ఇన్ని రోజులు ఆగినా కదా, ఒక్క రోజుకేమైతది అనుకున్నా. ఆ ఒక్క రోజు ఎనిమిది నెలలు నడిచింది. సంక్రాంతికి అమ్మ చేసిన సకినాల డబ్బా ఖాళీ అయ్యేసరికి 96 కిలోలు!

బరువు కన్నా ఎక్కువ బాధ పెట్టింది వేరే ఉంది. స్వామి ముందు నిలబడడానికి మొహం చెల్లలేదు. మరుసటి ఏడు మాల వేసుకోలేదు. బస్సు కొండగట్టు మీదుగా పోతుంటే ఫోన్‌లోకి తల దించుకుని కూర్చున్నా.

ఆ తర్వాత ఒక పెళ్లికి సిరిసిల్ల పోయినప్పుడు మా చిన్నబాపును కలిశా. ఆయన సాంచాల మీద పని చేస్తడు. “ఏంది కొడుకా, ఒళ్లు మళ్ల వచ్చింది?” అన్నడు. “నాతోని కాదు చిన్నబాపు, ఇడిసిపెట్టిన” అన్నా. ఆయన నవ్వలేదు. నడుస్తున్న సాంచాను చూపించాడు. “పొద్దుగాల నుంచి ఎన్నిసార్లు పోగు తెగిందో లెక్క లేదు. తెగినప్పుడల్లా ఆపుత, ముడేస్త, మళ్ల నడిపిస్త. పోగు తెగిందని బట్టంతా చింపుతమా?”

ఆ రాత్రి ఆరో అధ్యాయం మళ్లీ చదివా. అర్జునుడు అడిగింది కూడా ఇదే కదా! శ్రద్ధతో మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడి గతి ఏంటి, రెంటికీ చెడ్డట్టేనా అని. మంచి పని చేసినవాడు ఎన్నటికీ చెడిపోడని కృష్ణుడు భరోసా ఇస్తాడు. మనసును పట్టడం కష్టమేనని కూడా ఆయనే ఒప్పుకుంటాడు. అభ్యాసం, వైరాగ్యం అనే రెండు దారులు చూపిస్తాడు. అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది: అతిగా తినేవాడికి యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదు. నేను మొదటి సగమే పట్టుకున్నా. 41 రోజులు ఒక అతి, తర్వాత ఎనిమిది నెలలు ఇంకో అతి.

శరీరం సంగతి కూడా తెలుసుకోండి. బరువు తగ్గితే ఆకలి పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు చూస్తే, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ మార్పు పోలేదు. పైగా తేలికైన ఒంటికి ముందంత తిండి అక్కర్లేదు. అంటే మాల తీశాక వేసిన ఆ ఆకలి నా భక్తి లోపం కాదు, ఒంటి స్వభావం. ఇది తెలిస్తే తిట్టుకోవడం ఆగుతుంది, జాగ్రత్త మొదలవుతుంది.

ఇప్పుడు నేను పాటించేవి నాలుగే:

1. రాత్రి భోజనం ఎనిమిదిలోపు. అన్నం ఒక్కసారే వడ్డించుకుంటా, పళ్లెంలో సగం కూరలు.
2. రోజూ 40 నిమిషాల నడక, హనుమాన్ చాలీసా వింటూ. వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.
3. ప్రసాదాన్ని ప్రసాదంలా, చేతిలో పట్టినంతే. ప్రసాదం పేరుతో పులిహోర రెండు ప్లేట్లు తింటే అది భోజనమే!
4. శనివారం పొద్దున బరువు చూసుకుంటా. రెండు కిలోలు పెరిగితే అదే రోజు ముడి వేయడం మొదలు. సంక్రాంతి దాకా ఆగను.

ఏడాదిన్నర పట్టింది 84కి రావడానికి. రెండేళ్లుగా 83, 86 మధ్యే ఉన్నా. పోగు ఇప్పటికీ తెగుతుంది. పోయిన నెల పెళ్లిలో తెగింది, మర్నాడు పొద్దున ముడేశా.

ఒక మాట. షుగర్, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసాలు చేయకండి. బరువు కోసమే మాల వేసుకోవద్దు కూడా. దీక్ష స్వామి కోసం. అది నేర్పిన క్రమం మాత్రం మాల తీశాక కూడా మనదే.

ఈ ఏడు మళ్లీ మాల వేసుకున్నా. విరమణ రోజు స్వామిని తలెత్తి చూశా. తిరుగు దారిలో జగిత్యాలలో దిగి ఒక్క బజ్జీ తిన్నా. మర్నాడు పొద్దున నడకకు వెళ్లా. 42వ రోజు అట్లా మొదలైంది.

మీ పోగు ఎక్కడ తెగిందో ఈ రోజు ఒకసారి చూసుకోండి. రేపటికి వాయిదా వేయకుండా ముడి వేయండి.

జై శ్రీరామ్!