కథలకు మార్కులేసే ముందు



డిగ్రీ పిల్లలతో చీటీలు తీయించి డిటెక్టివ్, దయ్యం, ప్రేమ, హాస్యం అని తలా ఒక తీరు కథ రాయించినవట. మంచి పని చేసినవు. నచ్చింది రాయమంటే సగం మంది వృద్ధాశ్రమం మీదనే రాస్తరు.

ముందు నీతిని పక్కన పెట్టు. సందేశం బాగుందని మార్కులెయ్యడం మన తెలుగు సార్ల పాత జబ్బు. ఏ తీరు కథయినా మొదటి పేరాలోనే చదివేవాళ్లకు ఒక మాట ఇస్తది. ఆ మాట చెల్లించిందా, ఎగ్గొట్టిందా? అదే నీ లెక్క. డిటెక్టివ్ కథల దొంగ ఎట్లాగూ దొరుకుతడు. పట్టిచ్చే ఆనవాలు మన కండ్ల ముందటనే ఉండి, మనమే చూడక దాటిపోయి ఉండాలె. ఒక పిలగాడు మన పత్తి మార్కెట్ల కథ పెట్టిండనుకో. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే సీసీఐ కొననే కొనదు. ఒకటే బండి పత్తికి పొద్దున ఒక తేమ, మాపున ఒక తేమ రాసిన చీటీ రెండో పేజీల మామూలుగా కనబడి, చివరికి అదే దొంగను పట్టిస్తే కండ్లు మూసుకొని మార్కులెయ్యి. ఆఖర్న ఇన్‌స్పెక్టర్ వచ్చి కథంతా తనే చెప్తే కొయ్యి. దయ్యం కథల దయ్యం ఎంత ఆలస్యంగ వస్తే అంత మంచిది. హాస్యానికి లెక్కలేం లేవు, దిద్దుతుంటే నీకు నవ్వొచ్చిందా లేదా, అంతే.

ఇవన్నీ సాహిత్యమేనా అని మీ స్టాఫ్‌రూంల ఎవరన్నా మూతి తిప్పితే, పీవీ నరసింహారావు 'గొల్ల రామవ్వ' చదవమను. మనకు దగ్గరి వంగర మనిషి, 1949ల కాకతీయ పత్రికల అచ్చేసిన కథ. రజాకార్ల కాలం, రాత్రి, తుపాకితో గుడిసెల జొరబడ్డ పడుచు పిలగాడు, వెనుక పోలీసులు. ఆ ఉత్కంఠ తీసేస్తే అవ్వ ధైర్యం ఉత్త ఉపన్యాసమైతది.

పాత్రలు మన మాట మాట్లాడితే మార్కులు కొయ్యకు. అడ్తిదారు, అవ్వ, కలెక్టరు ముగ్గురూ ఒకటే తీరు మాట్లాడితే మాత్రం కొయ్యి. అక్షరదోషాలకు వేరే గడి పెట్టు, అందులో కథను ముంచకు. మొదటి ప్రతిని దిద్దిచ్చి మళ్లీ రాయించు. రెండింటి నడుమ ఏం మారిందో దానికి సుతం మార్కులుండాలె. నన్నడిగితే సగం దానికే.

ఫోన్ల నుంచి దించిన కథ అని అనుమానమొస్తే పంచాయితీ పెట్టకు. అదే సంగతిని ఇంకో పాత్ర నోటి నుంచి ఒక పేజీ క్లాసులనే రాయమను. సొంతంగ రాసినోళ్లు రాస్తరు.

వచ్చే వారం ఎవరన్నా ఇటు వస్తే పది కథలు, పేర్లు కనబడకుంట మడిచి, నీ మార్కులెయ్యకముందే పంపు. నేను వేరే కాయితం మీద వేస్త. తేడా వచ్చినకాడ ఇద్దరం కూసొని కొట్లాడుదాం.

నీ పెద్దబాపు
జమ్మికుంట