స్కేట్స్ మీద లేక్ చుట్టూ 15 కిలోమీటర్లు: స్మార్ట్‌వాచ్ ఎలా సెట్ చేసుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి?

డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకి వైట్ రాక్ లేక్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం: 1911లో తాగునీటి కోసం ఒక వాగుకి ఆనకట్ట కట్టి చేసిన రిజర్వాయర్ అది. మన లెక్కలో పెద్ద చెరువు. దాని చుట్టూ 9.3 మైళ్ల పేవ్డ్ ట్రెయిల్ ఉంది, అంటే దాదాపు 15 కిలోమీటర్లు. శీతాకాలంలో సన్‌సెట్ బే దగ్గర తెల్ల పెలికాన్లు గుంపులుగా దిగుతాయి. తూర్పు ఒడ్డున అర్బొరీటమ్, 1930 నాటి బాత్ హౌస్ భవనం, దక్షిణాన స్పిల్‌వే. ఇన్‌లైన్ స్కేట్స్ మీద ఒక రౌండ్ వేస్తే ఇవన్నీ వరసగా కనిపిస్తాయి.

నేను అక్కడ స్కేటింగ్ మొదలుపెట్టి ఏడాదిన్నర. అందులో రెండు నెలలు ఎడమ చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నాను. దానికి కారణం స్కేట్స్ కాదు, వాచ్. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, వాచ్ పెట్టుకోవడానికి నేను తీసి పక్కన పెట్టిన రిస్ట్ గార్డ్. అందుకే ఇది రివ్యూ కాదు. స్కేటింగ్‌కి వాచ్, ఫోన్ ఎలా సెట్ చేసుకోవాలో చెప్పే ఆర్టికల్. నా వాచ్ ఏ బ్రాండో చెప్పను, ఎందుకంటే ఈ ఇబ్బంది అన్ని బ్రాండ్లకీ ఉన్నదే.

ఒకే మణికట్టు, రెండు వస్తువులు

స్కేటింగ్ రిస్ట్ గార్డ్ చూశారా? అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది, చుట్టూ వెల్క్రో పట్టీలు. ముందుకి పడినప్పుడు మనిషి తెలియకుండానే చేతులు చాపుతాడు. ఉత్త అరచెయ్యి అయితే కాంక్రీట్‌కి పట్టేసి అక్కడే ఆగిపోతుంది, ఒంటి బరువంతా మణికట్టు ఎముకల మీద పడుతుంది. ప్లాస్టిక్ పలక ఉంటే చెయ్యి ఆగకుండా నేల మీద జారుతుంది. దెబ్బ తగ్గేది ప్రధానంగా ఆ జారడం వల్లే.

ఇక్కడే చిక్కు. వాచ్ ఉండేది కూడా సరిగ్గా ఆ పట్టీల చోటే. గార్డ్ కింద పెడితే స్క్రీన్ కనిపించదు, బటన్లు నొక్కుకుపోయి వర్కౌట్ దానంతటదే పాజ్ అవుతుంది, ఎముక మీద వాచ్ గట్టిగా నొక్కుతుంది. నేనేం చేశానంటే, కుడి చేతికి గార్డ్ ఉంచుకుని ఎడమ చేతికి తీసేశాను. వాచ్ కనపడాలి కదా!

రెండో రౌండ్‌లో గంటకి 20 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తున్నాను. మైలు పూర్తయిందని వాచ్ వైబ్రేట్ అయింది. చూశాను.

ఈ చిన్న లెక్క చూడండి. గంటకి 20 కిలోమీటర్లంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. చెయ్యి పైకెత్తి, స్క్రీన్ వెలిగి, పేస్ చదివి, మళ్లీ రోడ్డు వైపు చూడటానికి రెండు సెకన్లు పడుతుంది. అంటే 11 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. కారులో అంత దూరానికి ఏమీ కాకపోవచ్చు. కానీ స్కేట్ చక్రం ఎత్తు 80 మిల్లీమీటర్లే, బొటనవేలంత పుల్ల అడ్డం వచ్చినా చాలు. నాకు అడ్డం వచ్చింది ఒక పెకాన్ కొమ్మ ముక్క.

పడ్డాక వాచ్ చాలా మర్యాదగా అడిగింది, మీరు పడిపోయినట్టున్నారు, బాగానే ఉన్నారా అని. దాని మీద ఒక్క గీత కూడా లేదు. మొదటి రోజు ఎక్స్‌రేలో నా చేతికీ ఏమీ కనపడలేదు. కానీ బొటనవేలి మొదట్లో, ఆ గుంటలో నొక్కితే ప్రాణం పోయేది. రెండు వారాల తర్వాత ఇంకో ఎక్స్‌రే తీస్తే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకలో పగులు బయటపడింది. ఈ ఎముక పగుళ్లు మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవడం మామూలేనట. అందుకే ఆ గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నారు కదా అని వదిలేయకండి. కట్టు విప్పేదాకా ఒంటి చేత్తో కోడ్ రాశాను. ఇన్సూరెన్స్ పోగా నేను కట్టిన బిల్లుకి అలాంటి వాచ్‌లు రెండు వచ్చేవి. అమ్మకి మాత్రం జలుబు చేసిందని చెప్పి రెండు నెలలు వీడియో కాల్‌లో భుజాల పైవరకే కనిపించాను.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇన్‌లైన్ స్కేటింగ్ గాయాల మీద ఒక స్టడీ వచ్చింది. గాయాలతో హాస్పిటల్ ఎమర్జెన్సీకి వచ్చిన స్కేటర్ల డేటాతో చేసింది. రిస్ట్ గార్డ్ లేనివాళ్లకి మణికట్టు గాయం ఆడ్స్, ఉన్నవాళ్లతో పోలిస్తే పది రెట్లు పైనే అని తేలింది. ముప్పై డాలర్ల లోపు దొరికే ప్లాస్టిక్ ముక్క ఇంత పని చేస్తుంటే, నేను దాన్ని తీసింది పేస్ చూడటానికి.

మరి వాచ్ ఎక్కడ?

మూడు చోట్లు ట్రై చేశాను. గార్డ్ పైన, ముంజేయి మీద పెడితే బానే ఉంటుంది కానీ చేతులు ఊపుతుంటే జారిపోతుంది. గార్డ్ మీదే పట్టీ చుడితే హార్ట్ రేట్ రాదు. ఆ సెన్సర్ చర్మంలోకి ఆకుపచ్చ లైట్ పంపి, రక్తం ప్రవాహాన్ని బట్టి తిరిగొచ్చే వెలుతురు ఎంత మారిందో చూస్తుంది, దానికి చర్మం తగలాలి. చివరికి నాకు కుదిరింది మోచేతి పైన, కండ మీద సాగే బ్యాండ్‌తో. అక్కడ మాంసం ఎక్కువ, అదురు తక్కువ, హార్ట్ రేట్ కూడా మణికట్టు కంటే నిలకడగా వస్తోంది. వాచ్‌కి పెద్ద పట్టీ ఒకటి కొనాలి, అంతే. కచ్చితమైన హార్ట్ రేట్ కావాలంటే మాత్రం ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ బెటర్.

కండ మీద పెడితే స్క్రీన్ చూడలేం కదా అంటారు. అవును, చూడలేం. నాకు కావలసింది కూడా అదే.

ఇక సెట్టింగ్స్. పార్కింగ్ లాట్‌లోనే, స్కేట్స్ వేసుకోకముందే ఇవన్నీ పూర్తి చేయండి. వర్కౌట్ లిస్ట్‌లో స్కేటింగ్ ఉంటే అదే ఎంచుకోండి. వాకింగ్, రన్నింగ్ పెట్టకండి. ఆ మోడ్‌లలో వాచ్ చేతి ఊపుని అడుగుల కింద లెక్క వేస్తుంది. స్కేటింగ్‌లో ఒక తోపుకి ఎన్నో మీటర్లు జారిపోతాం, చేతులు నడుము వెనక పెట్టుకుంటే ఊపే ఉండదు. అప్పుడు దాని అడుగుల లెక్కా, క్యాలరీలూ అన్నీ గాలిలోవే. తర్వాత టచ్ లాక్ ఆన్ చేయండి, చెయ్యి ఎత్తితే స్క్రీన్ వెలిగే ఆప్షన్ ఆఫ్ చేయండి. మైలుకొకసారి ఫోన్ దూరాన్ని చదివి చెప్పేలా వాయిస్ క్యూ పెట్టుకోండి. ఫాల్ డిటెక్షన్ ఆన్ చేసి, ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా దగ్గరలో ఉన్న ఫ్రెండ్ నంబర్ ఇవ్వండి. నేను మొదట నాన్న నంబర్ పెట్టాను, కాకినాడలో అర్ధరాత్రి ఫోన్ మోగితే ఏమవుతుందో తర్వాత ఆలోచించాను. యాపిల్ వాచ్ అయితే, గట్టిగా పడిన తర్వాత సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే అదే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తుంది.

ఇయర్‌బడ్స్ విషయంలో నేను కాస్త చాదస్తం. నాయిస్ క్యాన్సిలేషన్ ఈ ట్రెయిల్ మీద వద్దే వద్దు. వెనక నుంచి సైకిళ్లు వస్తుంటాయి, ఎడమ వైపు నుంచి దాటుతున్నాం అని అరిచి వెళ్తారు. అది వినపడకుండా సరిగ్గా అప్పుడే ఎడమకి తోశారంటే ఇద్దరూ పడతారు. చెవి మూయని ఓపెన్ ఇయర్ మోడల్స్ వాడండి. ఫోన్ వెనక జేబులో పెట్టకండి. వెల్లకిలా పడితే తోక ఎముక కింద అద్దం పలక ఉన్నట్టు. పొట్ట మీదకి వచ్చే నడుము బ్యాగ్ సేఫ్.

9.3 మైళ్లు ఎందుకు రావు?

నాకు కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: ఒకే చెరువు, ఒకే ట్రెయిల్, రోజుకొక దూరం ఎందుకు చూపిస్తుంది?

మొదటిది, మీరే ఒకే దారిలో వెళ్లట్లేదు. బీటెక్ గుర్తు తెచ్చుకోండి. మూసుకునే దారి ఏదైనా సరే, మొత్తం మీద మూడు మీటర్లు బయటికి జరిగి తిరిగితే అదనంగా వచ్చేది రెండు పై ఇంటూ మూడు, అంటే 19 మీటర్లు. చెరువు చిన్నదైనా పెద్దదైనా అంతే. నమ్మకపోతే కాగితం మీద గీసి చూడండి. కాబట్టి లైన్ మారడం వల్ల వచ్చే తేడా చాలా తక్కువ. వంద, రెండు వందల మీటర్ల తేడా వచ్చిందంటే అది జీపీఎస్ పనే.

జీపీఎస్ దూరాన్ని కొలవదు, చుక్కలు పెడుతుంది. ఓపెన్ స్కై కింద ఫోన్ పెట్టే చుక్క సాధారణంగా ఐదు మీటర్ల లోపు తేడాతో ఉంటుంది. ఆ చుక్కలు అటూ ఇటూ ఊగితే కలిపిన గీత వంకరపోయి దూరం పెరుగుతుంది. బ్యాటరీ కోసం చుక్కలు తక్కువ పెడితే ఒంపులన్నీ అడ్డంగా కోసేసి దూరం తగ్గుతుంది. ఈ చెరువు ఒడ్డు నిండా ఒంపులే కాబట్టి సెకనుకొక పాయింట్ రికార్డ్ చేసే సెట్టింగ్ పెట్టుకోండి. చెట్ల కింద సిగ్నల్ బలహీనపడుతుంది, మన ఒళ్లు కూడా అడ్డమే. ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ పట్టుకునే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లలో, వాచ్‌లలో పరిస్థితి మెరుగు. 2018లో షావోమీ ఎమ్ఐ 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది, ఇప్పుడు చాలా మోడల్స్‌లో ఉంది. కొనేముందు స్పెక్స్‌లో చూడండి. అప్పటికప్పుడు చూపించే స్పీడ్‌ని మాత్రం కొంచెం ఎక్కువ నమ్మొచ్చు, ఎందుకంటే జీపీఎస్ చిప్ దాన్ని చుక్కల మధ్య దూరంతో కాకుండా సిగ్నల్ డాప్లర్ మార్పుతో కనిపెట్టగలదు.

మన సైట్ చదివేవాళ్లు స్పెక్స్ చూసి పడిపోతారు కాబట్టి ఇంకొక్కటి. స్కేట్స్ పెట్టె మీద ఏబీఈసీ 7, ఏబీఈసీ 9 అని బేరింగ్ నంబర్ గొప్పగా రాస్తారు. అది తయారీ ఎంత కచ్చితంగా ఉందో చెప్పే గ్రేడ్. 80 మిల్లీమీటర్ల చక్రం గంటకి 20 కిలోమీటర్ల దగ్గర నిమిషానికి 1,300 చుట్లు తిరుగుతుంది, స్కేట్స్‌లో ఉండే 608 సైజ్ బేరింగులు వేల కొద్దీ చుట్లకి చేసినవి. ఆ తేడా మీ కాలికి తెలియదు. ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్స్ లాంటిదే. డబ్బులు పెట్టాలంటే పగుళ్లు తేలిగ్గా దాటే 90, 100 మిల్లీమీటర్ల చక్రాల మీద పెట్టండి. అది కూడా హీల్ బ్రేక్‌తో ఆగడం బాగా వచ్చాకే. స్పీడ్ రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు.

డాలస్‌లో గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. అందుకే నేను ఉత్తరాన మాకింగ్‌బర్డ్ లేన్ వైపు మొదలుపెట్టి, ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలిలో స్పిల్‌వే దాకా వెళ్తాను. తిరిగొచ్చేటప్పుడు గాలే తోస్తుంది.

పోయిన ఆదివారం రూమ్మేట్‌తో కలిసి వెళ్లాను. ఇద్దరికీ రెండు చేతులకీ గార్డ్స్. మొత్తం రౌండ్ అయ్యాక పార్కింగ్‌లో కూర్చుని వాచ్‌లు విప్పి చూస్తే నాది 15.12, వాడిది 14.93. "నీది చెట్ల కింద తప్పిపోయింది రా" అంటాడు వాడు. నాది డ్యూయల్ ఫ్రీక్వెన్సీ అని నేను. బిర్యానీ ఆర్డర్ వచ్చేదాకా తేలలేదు.