పల్లపు వరద భూములు – మట్టి రంగు చెప్పు మాట

నాగావళి, వంశధార, చంపావతి ఒడ్డు భూములు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు అన్నము పెట్టు భూములు. అయినను ఒకే ఏటి ఒడ్డున, ఒకే గ్రామములో, ఒక రైతునకు వరి ఏపుగా ఎదుగును. నాలుగు మళ్ళ అవతల మరియొక రైతు అదే విత్తనము, అదే ఎరువు వేసినను పైరు పసుపుబారి, దుబ్బు కట్టక నిలిచిపోవును. దీనికి కారణమేమి?

ఇట్టి పొలము నొకదానిని నాగావళి ఒడ్డున చూచితిని. మొదటిసారి గట్టుపై నిలిచి ఆకులు మాత్రము చూచి, జింకు లోపమని చెప్పి వచ్చితిని. ఆ రైతు నా మాట నమ్మి జింకు సల్ఫేటు కొనెను. అది చాలదని యూరియా మరి రెండుసార్లు చల్లెను. పైరు మారలేదు. రెండవసారి పోయినపుడు పార తెప్పించి మడిలో గొయ్యి త్రవ్వించితిని. జానెడు లోతునకే బూడిద రంగు బంకమన్ను, కుళ్ళిన గ్రుడ్డు వాసనతో పైకి వచ్చెను. వరి వేళ్ళు తెల్లగా ఉండుటకు బదులు నల్లబడి యుండెను. ఆ పొలమునకు ఎరువు కొరత కాదు, గాలి కొరత. నీరు పోవు దారి మూసికొనిపోయినది. గొయ్యి త్రవ్వకుండ సలహా చెప్పుట నా తప్పు. అట్టి తప్పు మరియొకచోట జరుగకూడదని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ నేలలు ఎట్లు ఏర్పడినవి?

నాగావళి, వంశధార ఒడిశా కొండలలో పుట్టినవి. చంపావతి మన అనంతగిరి వైపు కొండలలో పుట్టి కోనాడ వద్ద సముద్రములో కలియును. ఇవి కొద్ది దూరమే పారు నదులు. కొండలలో కురిసిన వాన త్వరగా దిగువకు వచ్చి గట్టు దాటును. గట్టు దాటిన నీటి వేగము తగ్గగానే బరువైన ఇసుక, గరప మన్ను ఏటి దరినే పడిపోవును. తేలికయైన సన్నని బంకమన్ను మాత్రము నీటితో దూరముగా పోయి, నీరు నిలిచిన పల్లములో మెల్లగా దిగును. అందుచేత ఏటి దరి మెరకగా, గరపగా ఉండును. దానికి వెనుకనున్న నేల పల్లముగా, బంకగా ఉండును. నది దగ్గరగా ఉన్నను ఆ పల్లపు నీరు నదిలోనికి పోజాలదు. నడుమ మెరక అడ్డము.

సువర్ణముఖి, వేగావతి వచ్చి నాగావళిలో కలియు సంగాం వంటి చోట్ల ఒక ఏరు పొంగినపుడు రెండవ ఏటి నీరు వెనుకకు తన్నును. కళింగపట్నం వంటి నదీముఖముల దగ్గర సముద్రపు పోటు నీటిని ఆపును. సోంపేట ప్రాంతపు బీల, కాకరాపల్లి ప్రాంతపు తంపర కూడ నీరు నిలుచు పల్లములే. వీటి పేర్లు మన పెద్దలు నేల స్వభావమును చూచి పెట్టినవే.

గొయ్యి త్రవ్వి చూడుడు

దీనికి పరీక్షాలయము అక్కరలేదు. పార, గునపము చాలును. పొలములో మెరకగా నున్నచోట ఒకటి, మిక్కిలి పల్లమైనచోట ఒకటి, రెండడుగుల లోతు గోతులు త్రవ్వుడు. ఒక ప్రక్క గోడను నిలువుగా చెక్కి, పై నుండి క్రిందికి రంగు చూడుడు.

మట్టిలోని ఇనుమునకు గాలి తగిలిన ఎరుపు, గోధుమ రంగు వచ్చును. నీరు నిండి గాలి లేకపోయిన అదే ఇనుము కరగి, మన్ను బూడిద లేక నీలి రంగునకు తిరుగును. కొంతకాలము తడి, కొంతకాలము గాలి ఉన్నచోట బూడిద మన్నులో తుప్పు మచ్చలు కనబడును. కనుక మట్టి రంగు ఏండ్ల తరబడి నీరు నిలిచిన లెక్కను చూపును. ఈ బూడిద నీలి మట్టిని శాస్త్రజ్ఞులు ‘గ్లే’ అందురు. ఇది రష్యా పల్లె ప్రజల మాట. విసోట్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు 1905లో దీనిని శాస్త్రములోనికి తెచ్చెను.

గోతిలో కనబడు గుర్తులను ఇట్లు తెలిసికొనవలెను.

1. రెండడుగుల వరకు గోధుమ రంగే ఉన్నచో నీరు బాగుగా ఇంకు నేల.

2. అడుగు దాటిన పిమ్మట తుప్పు మచ్చలు కనబడిన, వానకాలములో కొన్నాళ్ళు నీరు నిలుచు నేల.

3. అడుగు లోపలనే బూడిద రంగు మొదలై క్రిందికంతయు అట్లే పోయిన, మురుగు పోని నేల. ఇచట నీరు అడుగునుండి పైకి వచ్చుచున్నది.

4. పైన నాలుగైదు అంగుళములు బూడిద రంగు, దాని క్రింద గట్టి పొర, ఆ క్రింద గోధుమ మన్ను ఉన్నచో, ఏటేట దమ్ము చేసి మనము కల్పించిన స్థితి. ఇచట నీరు పైన మాత్రమే నిలుచుచున్నది.

మూడవదానికిని నాలుగవదానికిని భేదము ముఖ్యము. పైన నిలిచిన నీటిని మడిలోని చిన్న బోదెతో తీయవచ్చును. అడుగునుండి వచ్చు నీటికి ఊరి మురుగు కాలువ లోతు చేయనిదే ఉపాయము లేదు. ఒక రైతు తన మడిలో ఎన్ని బోదెలు తీసినను కాలువ మట్టము ఎత్తుగా ఉన్నంతకాలము నీరు కదలదు.

మరియొక పరీక్ష కలదు. నీలి మన్ను గడ్డను విరిచి గాలిలో ఉంచుడు. కొంతసేపటికి పైభాగము గోధుమ రంగునకు తిరిగినచో అది గాలి లేక మారిన మట్టియే. గాలి సోకిన ఆ మన్ను కోలుకొనగలదనుటకు కూడ ఇదియే సాక్ష్యము.

నీటి క్రింద ఏమి జరుగును?

మట్టిలోని సూక్ష్మజీవులకు గాలి కావలెను. నీరు నిలిచిన ఒకటి రెండు దినములలోనే అవి మట్టిలోని ప్రాణవాయువును వాడివేయును. పిమ్మట నత్రజనిలో నైట్రేటు రూపముననున్న భాగమును పట్టుకొనును. ఆ నత్రజని వాయువై ఎగిరిపోవును. రైతు కొన్న ఎరువులో కొంత ఇట్లు గాలిలో కలియును. తరువాత ఇనుము కరగి వేళ్ళకు ఎక్కువగా అందును. క్రింది ఆకుల కొనలనుండి ఇటుక రంగు చుక్కలు వచ్చును. చివరకు గంధకము చెడువాసన గల వాయువుగా మారి వేళ్ళను నల్లబరచును. జింకు మట్టిలో ఉన్నను పైరునకు చిక్కదు.

వరి కాండములో గాలి గొట్టముల వంటి ఖాళీలు ఉండుటచేత అది ఆకులనుండి వేళ్ళకు గాలి పంపుకొనును. ఆరోగ్యముగానున్న వరి వేరు చుట్టు తుప్పు పూత ఉండుట ఇందుచేతనే. మొక్కజొన్న, గోగు, మినుము, పెసరలకు ఇంత శక్తి లేదు. వరికి కూడ హద్దు కలదు.

పైరు, ఎరువు

మూడవ రకపు పల్లములో వానకాలమున వరి తప్ప వేరు పైరు వేయరాదు. నారు ముదిరినది, పొడవైనది నాటవలెను. మారుటేరు పరిశోధనా స్థానపు ఇంద్ర, అమర రకములు పల్లపు భూములకు తగినవి. పైరు పూర్తిగా మునుగు పొలములకు 2009లో విడుదలయిన స్వర్ణ సబ్-1 కలదు. ఇది పిలకల దశలో సుమారు రెండు వారములు మునిగినను తిరిగి చిగిర్చును. అయితే వెన్ను వచ్చిన తరువాత మునిగిన ఈ గుణము కాపాడదు. నెలల తరబడి మురుగు నిలుచుటకు కూడ ఇది మందు కాదు.

జీలుగ, జనుము పచ్చిరొట్ట మంచిదే. కాని మురుగు పోని మడిలో దున్నిన వెంటనే నాటరాదు. కుళ్ళునపుడు పుట్టు ఆమ్లములు లేత వేళ్ళను కాల్చును. కలియదున్ని వారము పది దినములు ఆగి నాటవలెను. పచ్చి పెంట వేయరాదు.

యూరియాను నిలిచిన నీటిలో చల్లరాదు. నీరు తీసి, బురద పదునులో, మూడు దఫాలుగా వేసి, మరునాడు పలుచగా నీరు పెట్టవలెను. జింకు లోపము నిజముగా ఉన్నచో ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. దానిని భాస్వరపు ఎరువుతో కలుపరాదు. పైరుపై లోపము కనబడిన లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున అయిదు దినముల కొకసారి రెండు మూడు మార్లు చల్లవలెను. అయితే వేళ్ళు నల్లబడిన మడిలో మొదటి మందు నీరు తీసివేయుటయే. నేల సన్నగా నెర్రె వారు వరకు ఆరబెట్టి తిరిగి నీరు పెట్టిన, కొత్త తెల్లని వేళ్ళు వచ్చును. పైరు పొట్ట దశకు వచ్చిన పిమ్మట మాత్రము ఇట్లు ఆరబెట్టరాదు.

వరి కోతకు రెండు మూడు దినముల ముందు మినుము, పెసర చల్లుట మన ఆచారము. పల్లములో అడుగు తడి ఈ పైరునకు వరము. కాని కాలికి బురద అంటునంత తడి ఉన్న విత్తనము కుళ్ళును. కోతకు ముందుగానే నీరు తీసి, తగిన పదును చూచి చల్లవలెను.

వరద తీసిన పిమ్మట

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిన సంగతి, పిమ్మట వంశధార పొంగిన సంగతి మీరు మరువలేదు. అట్టి వేళ మొదట చేయవలసిన పని ఎరువు కొనుట కాదు, గట్టు తెగగొట్టి నీరు బయటకు పంపుట. మడి నీరు పోయిన తరువాతనే, పైరు పిలకల దశలో ఉన్నచో, ఎకరమునకు 20 నుండి 25 కిలోల యూరియా, 15 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదనముగా వేయవలెను. గింజ గట్టిపడి పడిపోయిన పైరుపై మొలక రాకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవచ్చును. ఇసుక మేట వేసిన మడిని వేరుగా చూడవలెను. మేట తీయక నాటిన వరి నిలువదు.

మురుగు కాలువ – ఊరి పని

నీరు పెట్టు కాలువను ప్రతి రైతు కాపాడును. మురుగు కాలువను ఎవరును కాపాడరు. అది పూడును, గుర్రపుడెక్క పెరుగును, ఎండకాలములో దానిలో ఒకరు నారు పోయుదురు, మరియొకరు గట్టు జరుపుదురు. ఎగువ రైతు కాలువ బాగుచేసిన ఆ నీరు దిగువ రైతు మీద పడును, అందుచేత తగవులు. కనుక పని ఎప్పుడును కాలువ చివరనుండి పైకి రావలెను. గెడ్డలోనో ఏటిలోనో కలియు చోట మొదలుపెట్టి, ఎగువకు త్రవ్వుకొని రావలెను.

అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు ప్రెయిరీ అను గడ్డి మైదానములలో పెక్కు పల్లములు పందొమ్మిదవ శతాబ్దములో బురద నేలలు. పైన నల్లని సారవంతమైన మన్ను, క్రింద బూడిద మన్ను. అచటి రైతులు మురుగు సంఘములుగా చేరి, ఖర్చు పంచుకొని, కాల్చిన మట్టి గొట్టములు భూమిలో పూడ్చి నీరు తీసిరి. ఆ రాష్ట్రపు నేలగా ఎంపికయిన ‘డ్రమ్మర్’ నేల అట్టిదే. నేడది మొక్కజొన్నకు పేరుపొందినది. మన వరి పొలములకు గొట్టములు అక్కరలేకపోవచ్చును. కాని సంఘముగా చేరుట అక్కరయే.

గ్రామాధికారులకు ఒక మనవి. వానలకు ముందు, మే నెలలో, గ్రామ పటము చేతబట్టి గ్రామ సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, రైతులు కలిసి మురుగు కాలువ పొడవునా ఒకసారి నడువవలెను. పూడినచోట్లు, ఆక్రమించినచోట్లు వ్రాసి, నీటి వినియోగదారుల సంఘములోను, గ్రామసభలోను పెట్టవలెను. బీల, తంపరలను మాత్రము ఎండగట్టు ఆలోచన చేయరాదు. అవి వరదను తమలో నిలుపుకొని చుట్టుప్రక్కల పొలములను కాపాడును. చేపకును, పశువుకును ఆధారము.

రైతు సోదరులారా, ఎరువుల కొట్టునకు పోవుటకు ముందు గొయ్యి త్రవ్వుడు. గోధుమ రంగు మన్ను వచ్చినచో ఎరువు సంగతి ఆలోచింపుడు. బూడిద రంగు మన్ను వచ్చినచో పొరుగువారిని పిలిచి చూపి, వారితో కూడ మురుగు కాలువ దగ్గరకు నడువుడు.