మామూలు లెన్స్ నిలవడం లేదు, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. కెరటోకోనస్ అన్నారు. కళ్లద్దాలు పెట్టుకున్నా అక్షరాల చుట్టూ నీడలు కనిపిస్తున్నాయట. మామూలు కాంటాక్ట్ లెన్స్ పెడితే జారిపోతోంది. ఆపరేషన్ తప్పదా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కంగారు పడకండమ్మా. ఈ జబ్బులో నల్లగుడ్డు మీది పారదర్శక పొర (కార్నియా) పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ ఎగుడుదిగుడును కళ్లద్దాలు పూర్తిగా సరిచేయలేవు. ఇలాంటివారికి స్క్లీరల్ లెన్స్ బాగా ఉపయోగపడుతుంది. సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పుండే ఈ లెన్స్ కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. చిన్న గిన్నెలాంటి లెన్స్‌లో ప్రిజర్వేటివ్ లేని సెలైన్ నిండుగా పోసి, తల పూర్తిగా వంచి, గాలి బుడగ చేరకుండా పెట్టుకోవాలి. ఆ ద్రవమే ఎగుడుదిగుళ్లను పూడ్చి చూపును తేటపరుస్తుంది.

అయితే లెన్స్ జబ్బును ఆపదు. కార్నియల్ టోపోగ్రఫీ (కార్నియా వంపును కొలిచే పరీక్ష)లో వంపు పెరుగుతున్నట్టు తేలితే, కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడండి. కార్నియా మార్పిడి అందరికీ అవసరం రాదు.

లెన్స్‌ను కుళాయి నీళ్లతో కడగకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా వెంటనే తీసేసి డాక్టరుకు చూపించండి. అన్నిటికన్నా ముందు, కళ్లు నులుముకునే అలవాటుంటే ఈ రోజే మాన్పించండి.