తొక్కలో నూనె, పండులో పులుపు

చిరంజీవి హారికకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నిమ్మచెక్కతో పళ్లు తోమితే పాచి పోతుంది, క్రిములూ చస్తాయని మీ హాస్టల్లో ఎవరో చెప్పారని రాశావు. సగం నిజం గనకే ఈ మాట ఇంతకాలం బతికింది. క్రిముల సంగతి చూసుకునేది తొక్కలోని నూనె. నిమ్మచెక్కతో తోమినప్పుడు పంటికి తగిలేదేమో ఎక్కువగా రసం.

కమలాపండు తొక్క మడిచి థర్మోకోల్ ముక్క మీద నాలుగైదుసార్లు పిండి చూడు. తుంపర పడ్డచోటల్లా జిగటగా కరిగి గుంటలు పడుతుంది. ఆ పని లిమోనిన్‌ది. కమలానూనెలో నూటికి 90 పాళ్లకు పైగా అదే. నిమ్మనూనెలో కాస్త తక్కువ, తోడుగా సిట్రాల్ ఉంటుంది. నిమ్మ ఘుమఘుమలో పెద్ద వాటా దానిదే. ఇవి నీటిలో కలవవు, కొవ్వులో ఇట్టే కలుస్తాయి. బ్యాక్టీరియా పొరలో ఉండేదీ కొవ్వే కనుక అందులోకి దూరి దాన్ని వదులు చేస్తాయి, లోపలి సరుకు బయటికి కారిపోతుంది.

పళ్లు పుచ్చడంలో పెద్దచెయ్యి అయిన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ మీద కూడా ప్రయోగశాలలో ఇవి పనిచేశాయి. అయితే గాజుగొట్టంలో తేలే మ్యూటన్స్ వేరు, పంటి మీద చక్కెరతో బంక చేసుకుని దాని చాటున కూర్చున్న మ్యూటన్స్ వేరు. పైగా పుక్కిలించేది అరనిమిషం, ఆపైన లాలాజలం కడిగేస్తుంది. ఇలాంటి ప్రయోగాల మీద వ్యాసాలు చదివేటప్పుడు పరీక్ష ఎక్కడ చేశారన్నది ముందు వెతుకు. పుక్కిలించే మందు లిస్టరిన్‌లోనూ మొక్కల నూనెల సారమే ఉంది, కానీ అక్కడ ప్రధానం మన వాములో ఉండే థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్; లిమోనిన్ కాదు.

ఇక రసం. దాని పీహెచ్ 2, 3 మధ్య. ఎనామెల్ 5.5 దిగువనే కరగడం మొదలెడుతుంది, సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని కూడా పట్టుకుపోతుంది. నాలుగు రోజులు తెల్లగా కనిపించిందని మురిసిపోతారు; ఎనామెల్ అరిగాక లోపలి పసుపు బయటపడుతుంది, చన్నీళ్లు తాగితే జివ్వుమంటుంది. నిమ్మరసం తాగినా నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగాకే బ్రష్ పట్టుకోవాలి.

నా మట్టుకు, దంతవైద్యంలో కమలానూనెకు దొరికిన సరైన ఉద్యోగం వేరే ఉంది. రూట్ కెనాల్ తిరిగి చేయాల్సివస్తే లోపల నింపిన గుట్టాపెర్చాను మెత్తబరచడానికి క్లోరోఫామ్ బదులు దీన్ని వాడతారు. థర్మోకోల్ మీద నువ్వు చూడబోయే పనే అది. క్లినిక్‌లో పోస్టింగ్ పడ్డప్పుడు ఆ నూనె సీసా మూత బిగించి పెట్టు. గాలి తగిలితే లిమోనిన్ ఆక్సీకరణ చెంది చర్మానికి ఎలర్జీ తెస్తుంది. పాతబడిన సీసాను మొహమాటం లేకుండా పారెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ