ఒక రైతు – ఇద్దరు తండ్రులు

తండ్రి ఇంటిపేరే కొడుక్కీ ఉంటుందని మన తెలుగువాళ్ళకి గట్టి నమ్మకం. వేల్స్‌లో చదువుకునే రోజుల్లో ఆ నమ్మకమే నన్ను తప్పుదారి పట్టించింది.

నా సహాధ్యాయి ఒకరిది కార్డిగన్‌షైర్‌లో వ్యవసాయ కుటుంబం. పొలం పేరు 'టీ మౌర్', అంటే పెద్దిల్లు. వాళ్ళ పూర్వీకుణ్ణి డేవిడ్ ఎవాన్స్ అనుకుందాం. ఆయన సమాధి బాగుచేయించి, దానిమీద తండ్రి పేరు కూడా చెక్కించాలని మా వాడి నాయనమ్మ కోరిక. తండ్రెవరో తేల్చే పని నేను నెత్తినేసుకున్నాను.

1866లో పోయేనాటికి డేవిడ్ వయసు 71 అని సమాధిరాయి చెబుతోంది. చర్చి రిజిస్టరు తీస్తే, 1795 మొదట్లో జాన్ ఎవాన్స్ కొడుకు డేవిడ్‌కు బాప్తిస్మం! ఏడు కలిసింది, ఇంటిపేరు కలిసింది. ఇంకేం కావాలి?

జనాభా లెక్కలు మాత్రం ఒప్పుకోలేదు. 1841లో వయసు 40, 1851లో 54, 1861లో 63. ఇదేం పెరుగుదలండీ! 1841లో 15 దాటిన వాళ్ళ వయసుని అయిదుల్లోకి తగ్గించి రాయమన్నారు: 43 అయితే 40, 47 అయితే 45. 1795లో పుట్టినవాడైతే 45 పడాలి. ఇక్కడ 40 ఉంది.

సంగతి చెబితే నాయనమ్మ నవ్వింది. "ఎవాన్స్ అంటే ఎవాన్ కొడుకనే కదా బాబూ!"

వేల్స్ పల్లెల్లో పూర్వం స్థిరమైన ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే కొడుక్కి రెండో పేరు. 'ఆప్' అంటే కొడుకు. 'ఆప్ రీస్' కాస్తా ప్రైస్ అయింది. మళ్ళీ రిజిస్టరు తిరగేశాను. 1797 మే నెలలో ఎవాన్ థామస్ కొడుకు డేవిడ్ కనిపించాడు. 1851 లెక్కలో ఒక్క ఏడు తేడా తప్ప, జనాభా లెక్కలన్నీ సరిపోయాయి.

అప్పటికీ అనుమానం తీరలేదు. 1858కి ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో రుజువయ్యేవి. వేల్స్‌వి ఆబరిస్ట్‌విత్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడ ఎవాన్ థామస్ వీలునామా దొరికింది. టీ మౌర్ పశువుల్ని 'నా కొడుకు డేవిడ్ ఎవాన్స్‌'కు రాశాడు. చిక్కు వీడింది.

విద్యార్థి మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. రికార్డుల్ని లెక్కపెట్టకండి, తూచండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ అవసరానికి చెప్పారు అని అడగండి. సమాధిరాయి మీది వయసు పోయినాయన చెప్పింది కాదు, బతికున్నవాళ్ళు అనుకున్నది. వీలునామాలోని మాట సొంత తండ్రిది. ముసలమ్మ మాట ముందే అడిగి ఉంటే నాకు సగం శ్రమ తప్పేది. ఆ ఇంట్లో ఆ నవ్వే లేకపోతే, పరాయివాడి పేరు రాతిమీద శాశ్వతంగా నిలిచిపోయి ఉండేది.