తెర మీది మెరుపులకూ ఒక పరీక్ష

టీవీ తెర మీద వెలుగు టపటపా మెరిస్తే మనలో చాలామందికి కళ్లు చికాకు పెడతాయి, అంతే. కానీ కొద్దిమందికి అదే మెరుపు మూర్ఛ తెప్పిస్తుంది. ఇది ఎక్కువగా కనిపించేది మన ఈడు పిల్లల్లోనే. కాబట్టి దీని గురించి మనం తెలుసుకోవాలి.

1997 డిసెంబరు 16 సాయంత్రం జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ప్రసారమైంది. ఒక దృశ్యంలో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మారుతూ మెరిశాయి. దాదాపు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు తీసుకెళ్లారు. వారిలో మూర్ఛ వచ్చిన చాలామందికి అంతకుముందు ఎప్పుడూ అది రాలేదు. తనకు ఈ సమస్య ఉందని తెలియని పిల్లవాడు ఎలా జాగ్రత్తపడగలడు? అందుకే ఆ జాగ్రత్త ప్రసారం చేసేవారే తీసుకోవాలి.

మన మెదడు వెనుక భాగం చూపుకు సంబంధించినది. వెలుగు, చీకటి ఒకే లయలో వేగంగా మారితే కొందరిలో అక్కడి నాడీకణాలన్నీ ఒకేసారి స్పందిస్తాయి. ఆ స్పందన అదుపు తప్పితే మూర్ఛ వస్తుంది.

బ్రిటన్‌లో ప్రసారానికి ముందే వీడియోను కంప్యూటరుతో పరీక్షిస్తారు. ఆస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ గ్రాహం హార్డింగ్ పరిశోధనతో వచ్చిన ఈ పరీక్షకు ఆయన పేరే ఉంది. ఇది వీడియోలోని ఒక్కో చిత్రాన్నీ దాని ముందు చిత్రంతో పోల్చి ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది.

1. వేగం: వెలుగు ఒకసారి పెరిగి తగ్గితే ఒక మెరుపు. సెకనుకు మూడుకు మించకూడదు.
2. వైశాల్యం: అంతకన్నా వేగంగా మెరిసే భాగం తెరలో నాలుగో వంతు దాటకూడదు.
3. రంగు: చిక్కటి ఎరుపు మెరుపులు మరింత ప్రమాదకరం.

దగ్గర దగ్గరగా ఉండే నలుపు తెలుపు చారలను కూడా గమనిస్తుంది. తప్పిన చోట ఎడిటర్ మెరుపుల వేగం తగ్గిస్తాడు, వెలుగు మందగిస్తాడు, లేదా ఆ ముక్క తీసేస్తాడు.

ప్రసారమయ్యే ప్రతి దృశ్యమూ, ఇంటర్నెట్‌లోని ప్రతి వీడియో ఈ పరీక్ష దాటి రావు. 2007లో లండన్ ఒలింపిక్స్ చిహ్నం ప్రచార చిత్రంలోని మెరుపుల వల్ల కొందరికి మూర్ఛ వచ్చిందని ఫిర్యాదులు రావడంతో నిర్వాహకులు ఆ భాగాన్ని వెబ్‌సైట్ నుంచి తొలగించారు.

కనుక టీవీ గదిలో లైటు వేసుకుని, దూరంగా కూర్చుందాం. మెరుపులకు ఇబ్బందిగా ఉంటే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి, ముఖం పక్కకు తిప్పాలి. ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో నీళ్లు పోయవద్దు. చుట్టూ ఉన్న వస్తువులు తీసి, తల కింద మెత్తటి బట్ట పెట్టి, కదలికలు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. మూర్ఛ అంటువ్యాధి కాదు. ఆ మిత్రుడి పక్కనే కూర్చుందాం.